వార్తలో తప్పు దొర్లకుండా, అర్థం చెడకుండా రాయడం ఎలా? మండల విలేకరి నుంచి డెస్క్ దాకా సమగ్ర మార్గదర్శి

కొత్తగా విలేకరులైనవాళ్లు, జిల్లా డెస్కుల్లో (విలేకరులు పంపిన వార్తలు దిద్దే విభాగాల్లో) చేరిన సబ్ ఎడిటర్లు, సొంతంగా న్యూస్ వెబ్‌సైట్లు, యూట్యూబ్ చానళ్లు నడుపుతున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: అన్నీ చూసుకునే రాశాం కదా, మరి తప్పు ఎక్కడ దొర్లింది?

చాలా తప్పులు తెలియక జరిగేవి కావు. మనం కళ్లతో చూసింది, ఎవరో చెప్పింది, మనం ఊహించుకున్నది ఒకే వాక్యంలో కలిసిపోవడం వల్ల జరుగుతాయి. తెలుగులో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. కర్తను వదిలేసినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ‘ఆరోపించారు’ అనే మాట దగ్గరికి చేరేసరికి పాఠకుడు ఆరోపణ మొత్తాన్నీ నిజమన్నట్టే చదివేసి ఉంటాడు.

అందుకే ఐటెంలోని, అంటే రాసిన వార్తలోని, ప్రతి వాక్యాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఈ పని ఎవరు చేశారు? ఈ మాట ఎవరు చెప్పారు? కింది పద్ధతులన్నీ ఈ రెంటికీ జవాబు రాబట్టేవే.

## 1. వార్త రాకముందే దగ్గర ఉంచుకోవాల్సినవి

ప్రమాదం జరిగాక, డెడ్‌లైన్ నెత్తిమీదికి వచ్చాక వెతుక్కుంటే తప్పు ఖాయం. ఖాళీ ఉన్న రోజే వీటిని సిద్ధం చేసుకోండి.

- మీ పరిధిలోని గ్రామాలు, తండాలు, కాలనీల పేర్లు తెలుగు అక్షరాల్లో. పంచాయతీ బోర్డు మీద ఉన్నట్టే రాసుకోండి.
- అధికారుల పేర్లు, హోదాలు, ఫోన్ నంబర్లు. ప్రతి పేరు పక్కన మీరు చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. బదిలీలు జరుగుతూనే ఉంటాయి.
- భూమి, నీరు, వర్షం, డబ్బు కొలతల పట్టిక (నాలుగో భాగంలో ఇచ్చాను).
- ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) సెక్షన్లకు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమానమైన సెక్షన్ల పట్టిక.
- మీ సంస్థ వాడే స్టైల్ షీట్ (పదాలు, పేర్లు, అంకెలు ఎలా రాయాలో చెప్పే నియమాల కాగితం). లేకపోతే మీరే ఒక పేజీ రాసుకోండి.

జిల్లాల విషయంలో పాత అలవాటు బాగా దెబ్బతీస్తుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. ఇప్పటికీ ‘కృష్ణా జిల్లా విజయవాడ’ అని చేతికి వచ్చేస్తుంది. విజయవాడ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా కేంద్రం, కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం. పాత వార్త నుంచి నేపథ్యం తీసుకునేటప్పుడు ఆ ఊరు ప్రస్తుతం ఏ జిల్లాలో ఉందో మళ్లీ చూడాలి.

## 2. నోట్స్‌ను మూడు గుర్తులతో రాసుకోండి

ఘటనా స్థలంలో రాసుకునే ప్రతి ముక్క పక్కన ఒక అక్షరం పెట్టండి.

- చూ: నేను స్వయంగా చూసింది. లారీ రోడ్డు పక్కన ఆగి ఉంది, కారు ముందు భాగం నుజ్జయింది.
- చె: ఎవరో చెప్పింది. ఎవరు, ఏ హోదాలో, ఆ విషయం వారికి ఎలా తెలుసు అన్నది కూడా రాయాలి.
- అ: నా అనుకోలు. ఐటెంలోకి రాకూడదు. ఎవరినైనా అడిగి నిర్ధారించుకున్నాకే వస్తుంది.

‘చె’ గుర్తు ఉన్నవాటికి ఒక అదనపు ప్రశ్న అవసరం: ఈ మనిషి దగ్గరుండి చూశాడా, విన్నాడా? పక్క దుకాణం వాళ్లకు చప్పుడు వినిపించి ఉంటుంది, ఢీకొనడం కనిపించి ఉండదు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ ప్రత్యక్ష సాక్ష్యమూ కాదు.

ఒకే సమాచారం ఐదు వాట్సాప్ గ్రూపుల్లో కనిపిస్తే ఐదు ఆధారాలు దొరికినట్టు కాదు. అన్నీ ఒకే ప్రెస్‌నోట్ నుంచో, ఒకే ఫార్వర్డ్ నుంచో వచ్చి ఉంటాయి. రెండో ఆధారమంటే మొదటిదానితో సంబంధం లేకుండా ఆ సంగతి తెలిసిన మనిషి లేదా పత్రం.

## 3. పేర్లు, ఊళ్లు, హోదాలు

పేరు తప్పు రాస్తే ఆ కుటుంబం జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది. చావు వార్తలో అయితే మరీ. కాబట్టి ఈ పనిలో బద్ధకం వద్దు.

పేరును తెలుగులో రాయించుకోండి. కేసు కాగితాల్లో, ఆసుపత్రి రికార్డుల్లో పేర్లు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాటిని చూసి శిరీషో సిరీషో, కట్టానో కట్టో, గూడూరో గుడూరో తేల్చలేం. బంధువుల చేత మీ నోట్‌బుక్‌లోనే రాయించుకోండి. ఫోన్‌లో అయితే అక్షరం అక్షరం చెప్పించుకుని, మీరు తిరిగి చదివి వినిపించండి.

నేర వార్తలో పేరొక్కటే చాలదు. ఒకే ఊళ్లో ఒకే పేరు, ఇంటిపేరుతో ఇద్దరుండటం మామూలే. వయసు, తండ్రి పేరు, ఊరు లేకుండా నిందితుడి పేరు రాస్తే ఏ సంబంధం లేని రెండో మనిషి తలెత్తుకోలేడు.

ఊరికి మండలం, జిల్లా జత చేయండి. నందిగామ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. కొత్తూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, షాద్‌నగర్ దగ్గరా ఉంది. జిల్లా పేజీలో పర్వాలేదుగానీ ఆన్‌లైన్‌లో చదివేవాడికి మీ డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరి పేరు) ఎక్కడిదో తెలియదు.

హోదా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్. కమిషనరేట్ పరిధిలో ఏసీపీ, మిగతా చోట్ల డీఎస్పీ. ఊళ్లో ఇంకా ఎమ్మార్వో అంటారు, రాతలో తహసీల్దార్ అనే రాయాలి. ఇన్‌చార్జిగా ఉన్నవారిని ఇన్‌చార్జి అనే రాయండి. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులున్నాయి. ‘హైకోర్టు’ అని వదిలేయకుండా ఏ రాష్ట్రానిదో చెప్పండి.

## 4. అంకెలు: ఎక్కువగా జారిపడే చోటు

అంకె కనబడగానే పాఠకుడు నమ్మేస్తాడు. అందుకే ప్రతి అంకెనూ రాసే ముందు ఒకసారి లెక్క కట్టండి.

### నీళ్లు

వరదల కాలంలో ఎక్కువగా కనిపించే తప్పు ‘2 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం పాలు’. క్యూసెక్కు పరిమాణం కాదు, ప్రవాహ రేటు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారడం. ‘రోజుకు 50 వేల క్యూసెక్కులు’ కూడా ఇలాంటిదే. ‘50 వేల క్యూసెక్కుల చొప్పున విడుదల చేస్తున్నారు’ అనాలి.

ఎంత నీరు పోయిందో చెప్పాలంటే టీఎంసీల్లో చెప్పాలి. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం 24 గంటలు సాగితే ఒక టీఎంసీ అవుతుంది. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు.

అడుగులు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండవు. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. ఇవి సముద్రమట్టం నుంచి లెక్కించినవి, జలాశయం లోతు కాదు. గోదావరి దగ్గర ప్రమాద హెచ్చరికలు భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకు. ‘మూడో ప్రమాద హెచ్చరిక’ అని మాత్రమే రాస్తే ఎక్కడిదో తెలియక నది పొడవునా జనం హడలిపోతారు.

### వర్షం

మిల్లీమీటర్లు, సెంటీమీటర్లు తారుమారైతే పదింతల తప్పు. 12 మి.మీ. అంటే మామూలు వాన, 12 సెం.మీ. అంటే కాలనీలు మునిగే వాన. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. వాళ్ల రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా. ‘సోమవారం 14 సెం.మీ. కురిసింది’ అని రాసే ముందు ఏ 24 గంటల లెక్కో అడగండి.

### భూమి, ధాన్యం

- ఎకరం = 40 గుంటలు = 100 సెంట్లు = 4,840 గజాలు
- గుంట = 121 గజాలు, సెంటు = 48.4 గజాలు
- హెక్టారు = 2.47 ఎకరాలు

వ్యవసాయ శాఖ నోట్‌లో హెక్టార్లలో ఉన్న పంట నష్టం వార్తలో ఎకరాలుగా అచ్చయితే నష్టం సగానికన్నా తక్కువైపోతుంది. రైతుకు అది చాలా పెద్ద విషయం. ధాన్యం బస్తా బరువు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ‘ఎకరానికి 30 బస్తాలు’ అన్నాక బస్తా ఎన్ని కిలోలదో కూడా రాయండి.

### డబ్బు

మంజూరైంది, విడుదలైంది, ఖర్చయింది. ఈ మూడూ వేర్వేరు. ‘రోడ్డుకు రూ.5 కోట్లు ఇచ్చారు’ అంటే ఈ మూడింట్లో ఏది? అడిగి ఆ మాటే రాయండి. అలాగే శంకుస్థాపన చేసినదాన్ని ప్రారంభించారని రాయొద్దు.

ఏజెన్సీ కాపీలో (వార్తా సంస్థలు ఇంగ్లిష్‌లో పంపే వార్తలో) మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ‘రూ.2-3 లక్షలు’ అని రాయకుండా ‘రూ.2 లక్షల నుంచి రూ.3 లక్షలు’ అని పూర్తిగా రాస్తే సందేహం ఉండదు.

### శాతం, జనసందోహం

పోలింగ్ 64 శాతం నుంచి 72 శాతానికి పెరిగితే పెరుగుదల 8 శాతం కాదు, 8 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 12.5. అయోమయం వద్దనుకుంటే ‘64 శాతం నుంచి 72 శాతానికి పెరిగింది’ అని రెండు అంకెలూ ఇచ్చేయండి. నాకు ఇదే నచ్చుతుంది.

సభకు ఎంతమంది వచ్చారన్నది నిర్వాహకుల మాట మీద రాయకండి. ఒక చదరపు మీటరులో నలుగురు నిలబడితేనే ఒత్తుకున్నట్టు ఉంటుంది. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. అంటే ఐదెకరాల మైదానం కిక్కిరిసినా దాదాపు 80 వేల మందే పడతారు. అక్కడ ‘5 లక్షల మంది’ అంటే చదరపు మీటరుకు పాతికమంది నిలబడాలి!

### చివరిగా కూడిక

ముగ్గురు చనిపోయారు, ఐదుగురికి గాయాలు, కారులో ఉన్నది ఏడుగురు. ఇలాంటి లెక్క మొదటి పేరాలో ఒకటి, మూడో పేరాలో ఇంకొకటి ఉంటుంది, శీర్షికలో మరొకటి. రాయడం పూర్తయ్యాక అంకెలన్నీ పెన్నుతో చుట్టి కూడి చూడండి.

## 5. తేదీ, సమయం

‘శనివారం అర్ధరాత్రి’ అనే మాట వాడొద్దు. శుక్రవారం దాటిన రాత్రా, ఆదివారంలోకి వెళ్లే రాత్రా? ‘శనివారం రాత్రి 11.45 గంటలకు’ లేదా ‘ఆదివారం తెల్లవారుజామున 1 గంటకు’ అని రాయండి. మాట్లాడేటప్పుడు ‘శనివారం రాత్రి ఒంటిగంటకు’ అంటాం, అచ్చులో అది తప్పు తేదీ అవుతుంది.

నిన్న, నేడు, రేపు ఆన్‌లైన్‌లో పనికిరావు. వారం పేరుతోపాటు తేదీ కూడా ఉండాలి.

అమెరికాలోని తెలుగువారి వార్తల్లో రెండు సమయాలూ చూసుకోవాలి. వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి 8 గంటలంటే మనకు ఆదివారం ఉదయం 6.30. చలికాలంలో గంట తేడా పెరిగి 7.30 అవుతుంది. ‘అక్కడి కాలమానం ప్రకారం’ అన్న మూడు మాటలు చేరిస్తే చాలు.

జయంతి, వర్ధంతి తారుమారు కావడం పాతకాలపు జబ్బు. పుట్టినరోజైతే జయంతి, మరణించిన రోజైతే వర్ధంతి. ఎన్నోదో కూడా లెక్కవేయండి.

## 6. పోలీసు, కోర్టు వార్తలు

ఇక్కడ మాట మారితే మనిషి బతుకు మారిపోతుంది.

- అనుమానితుడు: పోలీసులు అనుమానిస్తున్న వ్యక్తి. పేరు రాయకపోవడమే మేలు.
- నిందితుడు: కేసులో పేరున్న వ్యక్తి. నేరం చేశాడని ఇంకా తేలలేదు.
- దోషి: కోర్టు తేల్చాకే.
- అదుపులోకి తీసుకోవడం, అరెస్టు: రెండూ ఒకటి కాదు. ఏది జరిగిందో ఎస్సైని అడగండి.
- రిమాండ్: శిక్ష కాదు. బెయిల్: నిర్దోషి అని కాదు.
- స్టే: తాత్కాలికంగా ఆపడం. కొట్టివేత: ముగిసిపోవడం.

‘హత్య చేసిన నిందితుడు’ అనే ప్రయోగం రోజూ కనిపిస్తుంది. హత్య చేశాడని మనమే తీర్పు చెప్పేసి, ఆ వెంటనే నిందితుడు అంటున్నాం. ‘హత్య కేసు నిందితుడు’ అంటే సరిపోతుంది. ‘నేరం అంగీకరించాడు’ అన్నది పోలీసుల మాట అయితే ‘అంగీకరించాడని పోలీసులు చెప్పారు’ అనే రాయాలి.

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష ఐపీసీలో 302, ఇందులో 103. మోసానికి 420 బదులు 318. నిర్లక్ష్యంతో మరణానికి 304ఎ బదులు 106. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. 2023 నాటి హత్య కేసులో ఈరోజు తీర్పు వచ్చినా సెక్షన్ 302 అనే ఉంటుంది. దాన్ని మనం ‘సరిదిద్దితే’ తప్పవుతుంది.

కోర్టులో న్యాయమూర్తి విచారణ మధ్యలో అన్న మాట వ్యాఖ్య, రాతపూర్వకంగా ఇచ్చింది ఉత్తర్వు. ‘హైకోర్టు ఆదేశం’ అని రాయాలంటే ఉత్తర్వు ప్రతి చేతిలో ఉండాలి.

అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం నేరం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం సెక్షన్ 23 పిల్లల పేరు, చిరునామా, ఫొటోతోపాటు కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలు కూడా రాయొద్దంటుంది. కాబట్టి పేరు దాచి ‘ఫలానా ఊరి ఫలానా దుకాణదారు కూతురు’ అని రాస్తే దాచినట్టు కాదు. నిందితుడు బంధువైతే అతని పేరు రాసినా బాధితురాలు తెలిసిపోతుంది.

## 7. వాక్యంలో అర్థం చెడే చోట్లు

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా వాక్యం అటూ ఇటూ అయితే వార్త తప్పే. డెస్క్‌లో ఎక్కువ సమయం దీనికే కేటాయించాలని నా గట్టి నమ్మకం.

### ఒక్క ‘ని’ నేరాన్ని మార్చేస్తుంది

‘లారీ ఢీకొని ఇద్దరి మృతి’ అంటే లారీ వచ్చి ఢీకొట్టింది. ‘లారీని ఢీకొని ఇద్దరి మృతి’ అంటే వీళ్లే వెళ్లి లారీని గుద్దారు. మొదటిదాంట్లో లారీ డ్రైవర్ మీద నింద పడుతుంది, రెండోదాంట్లో చనిపోయినవాళ్ల మీద. ఎవరు ఎవర్ని ఢీకొట్టారో తేలకపోతే ‘లారీ, కారు ఢీకొన్న ఘటనలో’ అని రాయండి.

### విశేషణం ఎవరికి?

‘అరెస్టయిన సర్పంచ్ భర్త’. అరెస్టయింది సర్పంచా, ఆమె భర్తా? ‘సర్పంచ్ భర్త అరెస్టయ్యారు’ అని క్రియను చివరికి తెస్తే తేలిపోతుంది. పేరు ముందు పెద్ద విశేషణం పెట్టాలనిపించినప్పుడల్లా దాన్ని విడి వాక్యం చేయండి.

### తాను ఎవరు, తన ఏది?

‘తాను తప్పు చేయలేదని తహసీల్దార్‌తో వీఆర్వో చెప్పారని కలెక్టర్ అన్నారు.’ ఇందులో ‘తాను’ వీఆర్వోనా, కలెక్టరా? ఇద్దరు ముగ్గురు మనుషులున్న వాక్యంలో తాను, తన, అతను వాడకండి. హోదా మళ్లీ రాసినా చదివేవాడు విసుక్కోడు.

### అందరికీ లేదంటే ఎవరికి లేదు?

‘రైతులందరికీ పరిహారం అందలేదు.’ ఒక్కరికీ అందలేదా, కొందరికి అందిందా? ఒక్కరికీ రాకపోతే ‘ఏ రైతుకూ పరిహారం అందలేదు’. కొందరికి వస్తే ‘కొందరు రైతులకే అందింది’, వీలైతే ఎంతమందికో అంకెతో.

### ‘లా’తో పోలిక

‘గత ప్రభుత్వంలా మేం హామీలు విస్మరించం.’ గత ప్రభుత్వం విస్మరించిందా, విస్మరించలేదా? మాట్లాడినవారి స్వరంలో తెలిసింది, రాతలో తెలియదు. ‘గత ప్రభుత్వం హామీలను విస్మరించిందని, తాము అలా చేయబోమని మంత్రి చెప్పారు’ అని విడగొట్టండి.

### కామా ఒకరిని ఇద్దరు చేస్తుంది

‘మాజీ ఎమ్మెల్యే కుమారుడు, కాంట్రాక్టర్ అరెస్టు’ అంటే ఒకరా ఇద్దరా? ఒకరైతే ‘కాంట్రాక్టరైన మాజీ ఎమ్మెల్యే కుమారుడు’ అన్నా మళ్లీ కాంట్రాక్టర్ ఎవరన్న చిక్కే. ‘మాజీ ఎమ్మెల్యే కుమారుడి అరెస్టు’ అని శీర్షిక పెట్టి, కాంట్రాక్టర్ అన్న సంగతి లోపల చెప్పండి.

### క్రియకు కర్త కలవకపోవడం

‘మద్యం మత్తులో వాహనం నడుపుతూ కారు చెట్టును ఢీకొంది.’ నడిపింది మనిషి, ఢీకొన్నది కారు. తూ, ఇ లాంటి అసమాపక క్రియ (వాక్యాన్ని ముగించని క్రియ) వచ్చిన ప్రతిచోటా రెండు పనులూ చేసింది ఒక్కరేనా అని చూడండి.

### గొలుసు వాక్యం

‘...అని, ...అని, ...అని తెలిపారు’ అంటూ ఐదు విషయాలు ఒక్క ముడిలో కట్టేస్తాం. మధ్యలో ఎవరి మాట ఎక్కడ ఆగిందో తెలియదు. మాట్లాడినవారిని వాక్యం మొదట్లోనే పెట్టి, రెండు విషయాలు కాగానే వాక్యం ముగించండి.

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. ఇది పాఠం కోసం కల్పించింది.

మొదటి ప్రతి: శనివారం అర్ధరాత్రి జాతీయ రహదారిపై వేగంగా వెళ్తున్న కారు అదుపుతప్పి లారీ ఢీకొని ఇద్దరు యువకులు అక్కడికక్కడే మృతి చెందగా మరో ముగ్గురికి తీవ్ర గాయాలయ్యాయని, మద్యం మత్తులో నడపడమే ప్రమాదానికి కారణమని, ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మరొకరు మరణించారని స్థానికులు తెలిపారు.

ఏ రాత్రో తెలియదు. ఎవరు ఎవర్ని ఢీకొట్టారో తెలియదు. చనిపోయింది ఇద్దరా ముగ్గురా తేలదు. ఆసుపత్రిలో జరిగింది రోడ్డు పక్క స్థానికులకు ఎలా తెలుస్తుంది? ‘వేగంగా’, ‘అదుపుతప్పి’ అన్నవి ఎవరు చూశారు?

సరిచేసిన ప్రతి: జాతీయ రహదారిపై ఆదివారం తెల్లవారుజామున 1 గంటకు ఓ కారు ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొట్టింది. కారులో ఉన్న ఐదుగురిలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు ఘటనా స్థలంలోనే ప్రాణాలు కోల్పోయారని, మరొకరు జిల్లా ఆసుపత్రిలో మరణించారని ఎస్సై చెప్పారు. మిగతా ఇద్దరు అక్కడే చికిత్స పొందుతున్నారు. ప్రమాద కారణం ఇంకా నిర్ధారణ కాలేదని ఆయన తెలిపారు.

మద్యం సంగతి తీసేశాను. డ్రైవర్ చనిపోయి ఉంటే జవాబు చెప్పుకోలేడు. పరీక్ష నివేదిక వచ్చాక రాయొచ్చు, ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు.

## 8. ‘చెప్పారు’కు బదులు ఏం రాస్తున్నారో చూసుకోండి

ప్రతి క్రియలోనూ మన అభిప్రాయం దాగి ఉంటుంది. ‘వెల్లడించారు’ అంటే అది నిజమని మనం ఒప్పుకున్నట్టు. ‘ఒప్పుకున్నారు’ అంటే తప్పు చేశారని అర్థం. ‘ఖండించారు’ అన్నది ఆరోపణ అబద్ధమనడానికీ, ఘటనను తప్పుపట్టడానికీ వాడుతున్నాం. మొదటిదానికి ‘తోసిపుచ్చారు’ అనండి. ఏది వాడాలో తెలియకపోతే ‘చెప్పారు’ చాలు. పదిసార్లు వచ్చినా నష్టం లేదు.

‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాలు’ కనిపిస్తే ఆగండి. ఎవరికి తెలుస్తోంది? పేరు చెప్పడం కుదరకపోతే కనీసం ఏ శాఖవారో, వారికి ఎందుకు తెలుసో రాయాలి. అదీ కుదరకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయండి. ‘పలువురు’, ‘భారీగా’, ‘పెద్ద ఎత్తున’ ఉన్నచోట అంకె సంపాదించండి.

ఆరోపణ ఎవరి మీదో వారిని తప్పక అడగాలి. ‘ఫోన్ చేసినా స్పందించలేదు’ అని రాయాలంటే నిజంగా చేసి ఉండాలి, జవాబిచ్చేందుకు తగిన సమయం కూడా ఇచ్చి ఉండాలి. పేజీ వెళ్లే పది నిమిషాల ముందు ఒక మిస్డ్ కాల్ ఇవ్వడం అడగడం కాదు.

## 9. ఫొటోలు, వీడియోలు

వాన పడగానే పాత వరద వీడియోలు మళ్లీ తిరుగుతాయి. 2020 అక్టోబరు హైదరాబాద్ వరదవీ, 2024 సెప్టెంబరు బుడమేరు వరదవీ ప్రతి వానాకాలం ‘ఇప్పుడే’ అంటూ రావచ్చు.

- వీడియోను రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి.
- దుకాణం బోర్డులు, బస్సు మీది ఊరి పేరు, ఫ్లెక్సీల మీది తేదీ చదవండి.
- వాహనాల నంబర్ ప్లేట్లు చూడండి. తెలంగాణలో టీజీ సిరీస్ 2024 మార్చిలో మొదలైంది. టీజీ నంబరున్న బండి కనిపిస్తే ఆ వీడియో అంతకు ముందుది కాదు.
- పంపినవారినే ‘మీరు తీసిందేనా?’ అని అడగండి. కాదంటే తీసినవారి దాకా వెళ్లండి.

ఫైల్ ఫొటో (గతంలో తీసి దాచిన ఫొటో) వాడితే ‘ఫైల్’ అని ఉండాల్సిందే.

## 10. శీర్షిక, పంపే ముందు చదివే క్రమం

శీర్షికను ఐటెం పూర్తయ్యాకే పెట్టండి. తర్వాత అందులోని ప్రతి మాటకూ లోపల ఆధారం ఉన్న వాక్యాన్ని వేలితో చూపించగలగాలి. చూపించలేని మాట తీసేయండి. గల్లంతైనవారిని మృతులుగా, ఆధిక్యంలో ఉన్నవారిని విజేతలుగా మార్చేది ఎక్కువగా శీర్షికలే. ప్రశ్నార్థకం పెట్టినంత మాత్రాన నింద తొలగిపోదు.

అన్నీ ఒకే చదువులో పట్టుబడవు. నాలుగుసార్లు, ప్రతిసారీ ఒక్క పనికే చదవండి.

1. పేర్లు, ఊళ్లు, హోదాలు మాత్రమే, నోట్స్ పక్కన పెట్టుకుని.
2. అంకెలు, తేదీలు మాత్రమే, కూడుతూ.
3. ప్రతి వాక్యంలో ఎవరు చేశారు, ఎవరు చెప్పారు.
4. పైకి చదవడం. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి.

టైం లేకపోతే నాలుగోది వదిలేయండి, మొదటిది మాత్రం ఎప్పుడూ వదలొద్దు. డెస్క్‌లో ఉన్నవాళ్లు ఏదైనా మార్చితే, ముఖ్యంగా కర్తను మార్చితే, విలేకరికి ఫోన్ చేసి అడగాలి. సరిగ్గా వచ్చిన వాక్యం కుదింపులో తప్పైపోవడం తరచూ జరిగేదే.

## 11. తప్పు అచ్చయ్యాక

ముందు వాదించకండి, నోట్స్ తీయండి. తప్పు జరిగిందని తేలితే అదే రోజు ఈ పనులు చేయాలి.

- సవరణలో సరైన సంగతిని పూర్తి వాక్యంలో రాయండి. ‘సాంకేతిక కారణాల వల్ల’ అనకండి, ఏది తప్పో చెప్పండి.
- మొదటి పేజీ వార్తకు లోపలి పేజీ మూలన సవరణ వేయడం అన్యాయం. తగిన ప్రాధాన్యంతో, వెంటనే వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా చెబుతోంది.
- వెబ్‌సైట్‌లో చడీచప్పుడు లేకుండా మార్చేయకండి. ఎప్పుడు, ఏం మార్చారో కింద రాయండి.
- పాత క్లిప్పింగ్ వెళ్లిన వాట్సాప్ గ్రూపులన్నింటికీ సవరణ పంపండి. యూట్యూబ్ వీడియోలో తప్పు పెద్దదైతే తీసేసి మళ్లీ పెట్టండి.
- నష్టపోయిన వ్యక్తికి మీరే ఫోన్ చేసి సవరణ ఎక్కడ వచ్చిందో చెప్పండి.
- ఆర్కైవ్‌లోని పాత కాపీకీ సవరణ జత చేయండి. ఆర్నెల్ల తర్వాత ఇంకో విలేకరి నేపథ్యం కోసం ఆ కాపీనే తెరుస్తాడు.